పది రోజుల శిబిరంలో కుదిరిన ధ్యానం తిరుపతి లాడ్జి కౌంటర్లో ఎట్లా కుదురుతుంది?

లాడ్జి_కౌంటర్ · సోమవారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం. చాలా రోజుల నుంచి ఇక్కడ చదువుతా ఉండా కానీ రాయడం ఇదే మొదటిసారి, కొంచెం పెద్దగా ఉంటాది, ఓపిగ్గా చదవండి. తిరుపతి రైల్వే స్టేషన్ పక్కన ఒక లాడ్జిలో కౌంటర్ చూసుకుంటా, పదకొండేళ్ళుగా ఇదే పని. పోయిన ఫిబ్రవరిలో సెలవు పెట్టి హైదరాబాదు పోయి, వనస్థలిపురం వైపు సాగర్ రోడ్డులో ఉండే ధమ్మఖేత్త అనే కేంద్రంలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం చేసొచ్చినా. పొద్దున 4కి గంట కొడతారు, 4:30కి కూచోవాల, రాత్రి 9 దాకా అదే పని, మాట్లాడకూడదు, ఫోను మొదటి రోజే ఇచ్చేయాల. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర గాలి తగిలే చోటు మీదనే మనసు, నాలుగో రోజు నుంచి తల మొదలుకొని కాళ్ళ దాకా ఒంట్లో ఏం తెలుస్తా ఉండాదో చూసుకుంటా పోవడం.

ఆరో రోజో ఏడో రోజో గుర్తులేదు, కదలకుండా గంట కూచునే పూట, కుడి మోకాలు మండిపోతా ఉండాది. అప్పటిదాకా ఆ నొప్పిని తిట్టుకుంటా కూచున్నోణ్ణి ఎందుకో తిట్టడం మానేసి ఊరికే చూసినా. నొప్పి పోలేదు కానీ అది ఒక్క ముద్ద కాదని తెలిసింది, ఒక చోట సూది గుచ్చినట్టు, ఒక చోట వేడి, ఒక చోట చీమలు పాకినట్టు, అవి కూడా ఉన్న చోట ఉండకుండా మారిపోతా. నా కోపాన్ని ఈ పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఇట్లా చూసింటే ఎంత బాగుండు అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగినాయి.

వచ్చేటప్పుడు ఇంటి దగ్గర పొద్దున గంట, సాయంత్రం గంట కూచోమని, పండుకునే ముందు ఐదు నిమిషాలు, లేచినాక ఐదు నిమిషాలు, వారానికోసారి నలుగురితో కలిసి కూచోమని చెప్పి పంపించినారు. నెల రోజులు చేసినా. ఏప్రిల్లో పిల్లోళ్ళ పరీక్షలు అయిపోయి జనం దిగడం మొదలైనాక పొద్దుటిది పోయింది, జూన్ కల్లా సాయంత్రందీ పోయింది. ఇప్పుడు కూచుంటే పది నిమిషాల్లో నిద్ర, లేకుంటే చిరాకు. రాత్రి రెండుకి బండి దిగి పెట్టెలు ఈడ్చుకుంటా వచ్చేవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు కౌంటర్ మీద గంట కొడతానే ఉంటారు, ఆ గంట వింటేనే ఒళ్ళు మండతా ఉండాది ఈ మధ్య.

సంసారం, ఉద్యోగం మధ్యలో దీన్ని నిలబెట్టుకున్నోళ్ళు ఎవరన్నా ఉంటే మీరు ఎట్లా చేస్తా ఉండారో చెప్పండి. పుస్తకంలోది వద్దు, మీ ఇంట్లోది చెప్పండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · మంగళవారం ఉదయం 8:15

ఇప్పుడే డ్యూటీ దిగాను, పడుకునే ముందు రాస్తున్నా. నేను ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని, తిరుపతిలోనే. మీలాగే నేనూ శిబిరం చేశాను, మీలాగే వదిలేశాను కూడా, తర్వాత మళ్ళీ దొరికింది, అది ఎక్కడ దొరికిందో చెప్తాను.

మాకు ఒక పేషెంటు దగ్గర నుంచి ఇంకో పేషెంటు దగ్గరికి పోయేటప్పుడు చేతులు కడగాలి కదా. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, ట్రైనింగులో బొమ్మలేసి నేర్పిస్తారు, అరచేయి, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళ చివర్లు. ఏళ్ళ తరబడి ఆ టైంలో నేను ముందు బెడ్డు గురించి కోపంగానో తర్వాత బెడ్డు గురించి భయంగానో ఆలోచించేదాన్ని. ఒక రాత్రి ఒక తాతగారు పోయారు, ఆయన కూతురు ఏడుపు చెవుల్లో ఉండగానే పక్క వార్డులో ఒక పాపకి క్యాన్యులా, అంటే నరంలోకి మందు ఎక్కించే గొట్టం, పెట్టాలి. సింకు దగ్గర నిలబడి నీళ్ళు వదిలాను, చల్లగా తగిలాయి, అంతే, ఆ చల్లదనం మీద ఉండిపోయాను, వేళ్ళ సందుల్లో సబ్బు జారడం, నీళ్ళు మణికట్టు మీద నుంచి దిగడం. ఏడుపు వినబడుతూనే ఉంది, నాలో బాధ కూడా ఉంది, కానీ చేతులు వణకలేదు, పాపకి ఒక్క పోటులో వెయిన్ దొరికింది.

అప్పటి నుంచి నా ధ్యానం సింకు దగ్గరే. షిఫ్టులో ఎన్నిసార్లు కడుగుతానో అన్నిసార్లు. ఇంటికొచ్చి కూర్చోవడం కుదిరిన రోజు 20 నిమిషాలు కూర్చుంటా, కుదరని రోజు ఇదే. మీకు ఆ కౌంటర్ గంటే సింకు అనుకోండి. గంట మోగగానే తలెత్తకండి, ముందు ఒక్క ఊపిరి.

శ్రీసిటీ_బస్సు · మంగళవారం మధ్యాహ్నం 1:05

బ్రో నాది వేరే కథ. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో లైన్ ఆపరేటర్ని, తిరుపతి నుంచి కంపెనీ బస్సులో పోను గంటన్నర రాను గంటన్నర, షిఫ్టు వారానికోసారి మారుతుంది. నాకు జ్ఞానోదయం ఏం వద్దు, నిద్ర పడితే చాలు. రాత్రి రెండుదాకా రీల్స్ చూస్తా, కళ్ళు మండుతున్నా వేలు ఆగదు. ఒక యాప్ పెట్టుకున్నా, రోజూ పది నిమిషాలు చేస్తే వరస పెరుగుతూ పోతుంది, 41 రోజులు వచ్చింది, ఒక్క రోజు మిస్ అయితే సున్నా అయిపోయింది, ఆ రోజు నుంచి మళ్ళీ ముట్టుకోలేదు. ఎందుకో ఫెయిల్ అయినట్టు అనిపించింది. ఇది నిజంగా బుద్ధుడు చెప్పిందేనా లేక యాప్ వాళ్ళు అల్లిందా ఎవరైనా చెప్పండి.

చంద్రగిరి_మాస్టారు · మంగళవారం రాత్రి 9:30

ముగ్గురివీ చదివాను. నేను రిటైరైన తెలుగు మాస్టారిని, పదిహేనేళ్ళుగా పాళీ సుత్తాలు, అంటే పాళీ భాషలో ఉన్న బుద్ధుడి బోధనలు, చదువుకుంటున్నాను. కౌంటర్ బాబు పుస్తకంలోది వద్దన్నాడు గానీ, ఆ పుస్తకంలో ఉన్నది ఇంటి సంగతే, అందుకని చెప్పకుండా ఉండలేకపోతున్నా.

సిస్టర్ సింకు దగ్గర చేసింది సతిపట్ఠాన సుత్తంలో ఉన్నదే. నాలుగింటిని గమనించమంటుంది అది, శరీరం, వేదన, చిత్తం, ధర్మాలు. ఇందులో వేదన అంటే మనం తెలుగులో అనుకునే బాధ కాదు, ఏది తగిలినా సుఖంగానో దుఃఖంగానో రెండూ కాకుండానో తెలుస్తుందే, ఆ తెలియడం. ఇక శరీరం దగ్గర ఊపిరితో మొదలుపెట్టి తర్వాత ఏమంటుందో చూడండి, ముందుకు నడిచేటప్పుడు, వెనక్కి తిరిగేటప్పుడు, చెయ్యి ముడిచేటప్పుడు చాచేటప్పుడు, తినేటప్పుడు తాగేటప్పుడు నమిలేటప్పుడు, చివరికి మలమూత్ర విసర్జన దగ్గర కూడా తెలివితో ఉండమంటుంది. మాట్లాడేటప్పుడు, మాట్లాడకుండా ఉన్నప్పుడు కూడా. దొడ్డికి పోయే పని కూడా విడిచిపెట్టని బోధనలో లాడ్జి కౌంటరుకి చోటు లేకుండా పోతుందా నాయనా.

ఇక రెండు మాటలు, మొదటిది బస్సు బాబుకి. సోణుడని ఒక భిక్షువు ఉండేవాడు, బాగా కలిగిన ఇంట్లో సుకుమారంగా పెరిగినవాడు, అరికాళ్ళు చిట్లి రక్తం కారేదాకా నడుస్తూ సాధన చేసి, ఫలితం లేదని ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాడు. బుద్ధుడు ఆయన్ని అడిగింది ఒక్కటే, నువ్వు వీణ వాయించేవాడివి కదా, తీగలు మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదిలేస్తే పలుకుతుందా అని. నీ 41 రోజులు ఎక్కడికీ పోలేదు. పోయింది ఫోనులో అంకె మాత్రమే.

రెండోది, కూర్చుంటే నిద్ర వచ్చేస్తుందన్న కౌంటర్ బాబుకి. బుద్ధుడి ముఖ్య శిష్యుడు మొగ్గల్లానుడంతటి వాడు కునికిపాట్లు పడుతుంటే బుద్ధుడు వరసగా ఉపాయాలు చెప్పాడు. ఏ ఆలోచనలో ఉండగా నిద్ర వస్తోందో దాన్ని వదిలెయ్, విన్న ధర్మాన్ని మనసులో తిప్పు, చెవి తమ్మెలు లాగు, ఒళ్ళు రుద్దుకో, లేచి నీళ్ళతో కళ్ళు కడుక్కుని నక్షత్రాల వైపు చూడు, అటూ ఇటూ నడువు, ఏదీ కుదరకపోతే కుడి పక్కకి తిరిగి పడుకో, మెలకువ రాగానే లేచెయ్. నాకు ఈ సుత్తం అంటే ప్రాణం. నిద్ర వచ్చినందుకు ఒక్క తిట్టు లేదు అందులో.

పలమనేరు_పాడి · బుధవారం ఉదయం 6:50

నేను చదువుకున్నది ఏడో తరగతి, ఫోన్లో మాట్లాడితే అదే రాసిస్తాది, తప్పులుంటే సర్దుకోండి నాయనా. మాది పలమనేరు దగ్గర పల్లె, మూడు ఆవులు ఉండాయి. మా పాప బెంగుళూర్లో పని చేస్తాది, యాడనో నేర్చుకొని నాకు ఊపిరి చూసేది చెప్పింది, గాలి పొడుగ్గా వస్తే పొడుగ్గా వస్తా ఉండాదని తెలుసుకో, పొట్టిగా వస్తే పొట్టిగా వస్తా ఉండాదని తెలుసుకో, మార్చొద్దు అని.

నాకు కూచునేదానికి టైమేడ. పాలు పితికేటప్పుడు చేస్తా. తెల్లారి ఐదుకి పొదుగు కడిగి చెయ్యి పెడతానే ఆవుకి తెలిసిపోతాది నా మనసు యాడుండాదో. ఇంట్లో కొట్లాడి వచ్చి కూచుంటే అది చేపదు, పాలు దించదు, కాళ్ళు ఆడిస్తాది, తోక మొగాన కొడతాది. అట్లాంటప్పుడు చెయ్యి అట్లే పొదుగు మీద పెట్టి గమ్మున ఉండి నాలుగు ఊపిర్లు చూస్తా. దాని ఊపిరి కూడా చెయ్యికి తెలుస్తాది, డొక్క లేస్తా దిగతా. రవంత సేపటికి చేపుతాది. అప్పుడు బకెట్లో పాల సద్దు, మొదట్లో రేకు మీద పడినట్టు సన్నగా, పోను పోను నురగ లేచినాక బరువుగా, ఆ సద్దు ఒకటే వింటా. నాకు అదే. మూడు ఆవులకి ముక్కాలు గంట పడతాది, రోజూ రెండు పూటలా. ఆలోచిస్తే మీ శిబిరమోళ్ళు చెప్పిన లెక్కకి దగ్గరే ఉండాది.

మెట్లదారి · బుధవారం సాయంత్రం 5:20

ఎవరూ తప్పుగా అనుకోవద్దు, మనసులో ఉన్నది అడుగుతా ఉండా. ఏడుకొండలవాడి పాదాల దగ్గర ఉండి, గోవింద నామం ఉండగా, ఎక్కడి నుంచో వచ్చిన బర్మా పద్ధతి మనకెందుకు అని నాకు ముందు నుంచీ ఒక ప్రశ్న. పైగా ఆ శిబిరంలో పది రోజులూ జపం, పూజ, బొట్టు, అన్నీ పక్కన పెట్టమంటారంట కదా, నిజమేనా? నేను ప్రతి నెలా అలిపిరి నుంచి నడిచి పోతా, 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి.

చంద్రగిరి_మాస్టారు · బుధవారం రాత్రి 8:45

అడగదగిన ప్రశ్నే. అవును, ఆ పది రోజులు మాత్రం పక్కన పెట్టమంటారు, ఒక పద్ధతిని ఇంకోదానితో కలపకుండా పరీక్షించి చూడమని. తర్వాత ఎవరి దేవుడు వారికి. ఈ శిబిరాలు పెట్టిన గోయెంకా గారు 1969లో బర్మా నుంచి ఇండియాకి వచ్చి నేర్పడం మొదలుపెట్టారు, ఆయన గురువు ఊబాఖిన్ బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసిన గృహస్థు. ఆఫీసు ఫైళ్ళ మధ్య నుంచి వచ్చిన పద్ధతి ఇది, అడవిలోంచి కాదు. అందుకే ఇక్కడి ఈ చర్చ అంతా నాకు సహజంగా అనిపిస్తోంది.

ఎక్కడి నుంచో వచ్చింది అన్నారు. అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండ బౌద్ధ క్షేత్రాలు సరే, అవి కృష్ణ వైపు. మనకి దగ్గర్లో రేణిగుంట నుంచి కడప బండి ఎక్కితే నందలూరు వస్తుంది, సౌమ్యనాథుడి గుడికి పోతుంటారు అందరూ, ఆ ఊరి దగ్గరే బౌద్ధ స్తూపాల ఆనవాళ్ళున్నాయి. ఇది మన నేల మీద నుంచి పోయి మళ్ళీ వచ్చింది, కొత్తది కాదు.

అయితే రెండూ ఒకటే అని నేను అనను. నామం పట్టుకున్నప్పుడు మనసుకి ఒక ఆధారం ఇస్తున్నారు, అది గొప్ప సంగతి. ఇక్కడ ఆధారం ఇవ్వకుండా, మనసు ఏం చేస్తోందో దాన్నే చూడమంటున్నారు. పని వేరు. ఒకరికి ఇది, ఒకరికి అది, కొందరికి రెండూ.

మెట్లదారి · బుధవారం రాత్రి 10:10

సరే మాస్టారూ, సూటిగా చెప్పినారు, సంతోషం. అయితే నేను చూసింది ఒకటి చెప్తా, మీ లెక్కలో అది ఏమవుతుందో మీరే చెప్పండి.

అలిపిరి మెట్లకి పసుపు కుంకుమ పెట్టుకుంటా ఎక్కే మొక్కు ఉంటాది కదా. పోయిన నెల ఒకామె, అరవై పైనే ఉంటాయి, నడుము వంచి మెట్టు మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, మొక్కి తర్వాత మెట్టుకి పోతా ఉండాది. నేను ఎప్పుడూ గాలిగోపురం దాకా ఒక్క బిగిన ఎక్కేస్తా, ఎంత సేపట్లో ఎక్కినానో వాచీ చూసుకుంటా. ఆమె వెనకాల ఆగిపోయినా. ఆమె పైకి చూడటం లేదు. ఇంకా ఎన్ని ఉన్నాయని చూడటం లేదు. వేలు పసుపులో ముంచేటప్పుడు ఎంత నెమ్మదిగా ముంచిందో చివరి మెట్టుకీ అంతే నెమ్మదిగా ముంచుతాదని నాకు తెలిసిపోయింది. నేను కూడా వాచీ జేబులో పెట్టేసి ఆ రోజు ఒక్కో మెట్టుకీ కాలు ఆనేది, బరువు మారేది చూసుకుంటా పోయినా. మోకాళ్ళ మెట్టు దగ్గర ఎప్పుడూ వచ్చే ఆయాసం రాలేదు అనను, వచ్చింది, కానీ ఆయాసంతో పాటు ఎప్పుడూ వచ్చే 'అబ్బా ఇంకా ఎంత' అనేది రాలేదు.

చంద్రగిరి_మాస్టారు · బుధవారం రాత్రి 10:25

బుద్ధుడు దీన్ని రెండు బాణాలని చెప్పాడు. మొదటి బాణం ఒంటికి తగిలే నొప్పి, అది అందరికీ తగులుతుంది, అర్హతుడికైనా, అంటే పూర్తిగా విముక్తి పొందినవాడికైనా, తగులుతుంది. రెండోది, ఆ నొప్పి మీద మనం పడే ఏడుపు. మీకు ఆ రోజు ఒక్క బాణమే తగిలింది.

మళ్ళీ_మొదలు · గురువారం రాత్రి 12:30

అందరూ మంచి సంగతులే చెప్తున్నారు, నేను ఇంకో వైపు చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. మా నాన్న 2021లో కోవిడ్ సెకండ్ వేవ్‌లో పోయారు, నేను చిత్తూర్లో, ఆయన వేరే ఊర్లో ఆక్సిజన్ మీద, చివరి చూపు కూడా లేదు. ఏడాది తర్వాత ఒక ఫ్రెండ్ చెప్తే ఇంట్లో వీడియో చూసి కళ్ళు మూసుకొని ఊపిరి చూడటం మొదలుపెట్టాను. మూడో రోజు ఊపిరి మీద మనసు పెట్టగానే నాన్న ఊపిరి గుర్తొచ్చింది. గుండె దడ, చేతులు చల్లబడటం, చచ్చిపోతానేమో అనిపించింది. అది సాధనలో మామూలే, భరించు అని ఎవరో చెప్పారు, భరించాను, ఇంకా ఎక్కువైంది, రాత్రిళ్ళు కూడా రావడం మొదలైంది.

చివరికి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాను, మందులు కొన్నాళ్ళు, కౌన్సెలింగ్ ఇంకొన్నాళ్ళు. ఇప్పుడు బాగున్నాను, ధ్యానం కూడా చేస్తున్నాను, కానీ ఊపిరి మీద కాదు, కళ్ళు తెరిచి, అరికాళ్ళు నేలకి ఆనుతున్న చోటు మీద, ఐదే నిమిషాలు. ఎక్కువైతే లేచి కిటికీ దగ్గరికి పోయి వీధిలో పోయే బండ్ల చప్పుడు వింటా. శిబిరం అప్లికేషన్లో కూడా ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు, దాచకుండా రాయండి దయచేసి. దుఃఖం పచ్చిగా ఉన్నవాళ్ళకి గంటలు గంటలు కళ్ళు మూసుకొని కూర్చోమని సలహా ఇవ్వకండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · గురువారం ఉదయం 9:00

మీరు రాసింది చాలా అవసరం, థాంక్స్. దడ, చేతులు చల్లబడటం వస్తే ఆపేయాలి, డాక్టర్ని కలవాలి, అది ఓటమి కాదు. ఊపిరి అందరికీ సరిపోదు, కొందరికి కాళ్ళు, కొందరికి శబ్దం, కొందరికి చేతుల్లో ఏదైనా పని.

శ్రీసిటీ తమ్ముడు అడిగినదానికి కూడా. ఆస్పత్రుల్లోకి ఈ సాధన 1979లో వచ్చింది, జాన్ కబాట్‌జిన్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్లో దీర్ఘకాలం నొప్పులతో బాధపడేవాళ్ళ కోసం కొన్ని వారాల క్లాసుగా పెట్టాడు, మతం పేరు లేకుండా. మొదట్లోనే ఒక ఎండుద్రాక్ష ఇచ్చి, చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమిలి తినమంటారు. మీరు ఉడకబెట్టిన చెనక్కాయతో చెయ్యండి, ఒక్కటే, తోలు వలవడం దగ్గర నుంచి. యాప్‌లు చాలావరకు ఆ దారిలోనే వచ్చాయి. కాబట్టి అల్లింది కాదు, కానీ బుద్ధుడు చెప్పినదంతా కూడా కాదు, ఒక ముక్క.

నిద్ర గురించి అయితే ఫోను పక్క గదిలో పెట్టడం ముందు. తర్వాత పడుకొని మైత్రి చెయ్యండి. ముందు నేను సుఖంగా ఉండాలి, తర్వాత ఇంట్లో వాళ్ళు, తర్వాత బస్సులో పక్క సీటు ఆయన, తర్వాత మీకు నచ్చని సూపర్‌వైజర్. మైత్రి చేసేవాడికి పదకొండు లాభాలని చెప్తారు, అందులో మొట్టమొదటివి సుఖంగా నిద్రపోతాడు, సుఖంగా లేస్తాడు, చెడ్డ కలలు రావు.

శ్రీసిటీ_బస్సు · గురువారం మధ్యాహ్నం 1:20

సూపర్‌వైజర్ దగ్గర ఆగిపోతా అక్కా, అక్కడిదాకా రాకముందే నిద్ర పడితే బాగుండు. ట్రై చేస్తా. ఫోను ఛార్జర్ హాల్లోకి మార్చేశా ఇప్పుడే.

లాడ్జి_కౌంటర్ · శుక్రవారం తెల్లవారుజాము 3:50

మీరందరూ రాసింది రెండు మూడుసార్లు చదివినా. పలమనేరు అమ్మ రాసింది చదివి కౌంటర్ వెనకాల కూచొని చాలా సేపు ఆలోచించినా, ఆవుకి తెలిసిపోతాది అన్న మాట.

నేను మొదట రాసినదాంట్లో ఒకటి దాచినా. టైం లేక కూచోలేకపోతా ఉండా అని రాసినా కదా, అది పూర్తిగా నిజం కాదు.

పోయిన నెల బ్రహ్మోత్సవాలు, గరుడ సేవ ముందు రోజు రాత్రి. ఆరు రూములు ఖాళీగా ఉన్నాయి. ఓనరు మాట ఏందంటే నేరుగా వచ్చినోళ్ళకి లేవని చెప్పు, మనోళ్ళు తీసుకొచ్చే పార్టీలకి మూడింతలకి ఇస్తాం అని. ఇది కొత్త కాదు, పదకొండేళ్ళలో ఎన్నోసార్లు చెప్పినా. రాత్రి రెండున్నరకి బళ్ళారి వైపు నుంచి ఒక కుటుంబం, ముసలామె, మొగుడూపెళ్ళాం, ఆరేడేళ్ళ పాప. రూముందా అన్నా అని అడిగినాడు. లేదని చెప్పబోతా ఉండగా, శిబిరం వల్లనేమో, గొంతు దగ్గర బిగుసుకోవడం, రొమ్ములో వేడి, రెండూ స్పష్టంగా తెలిసినాయి. తెలిసి కూడా లేదన్నా చెప్పేసినా. ఆ పాప నా మొగం చూడలేదు, నా వెనకాల గోడకి కొక్కేలకి వేలాడతా ఉండే తాళాలు చూసింది. ఆరు తాళాలు. ఏం అనలేదు, వాళ్ళ నాయన చెయ్యి పట్టుకొని పోయింది.

ఆ రోజు నుంచి కళ్ళు మూస్తే తాళాలే. అందుకని కూచోవడం లేదు. ముందు తెలిసేది కాదు, ఇప్పుడు తెలుస్తా ఉండాది, తెలిసినాక బతకడం ఇంకా కష్టంగా ఉండాది. ప్రశాంతత కోసం పోయినా, ఇదేందో వేరేది వచ్చింది. ఇద్దరు పిల్లోళ్ళు, ఇంటి బాడుగ, ఈ ఉద్యోగం వదిలే దారి లేదు.

చంద్రగిరి_మాస్టారు · శుక్రవారం ఉదయం 7:10

నాయనా, తెల్లవారుజామున ఇది రాయడానికి నీకు ఎంత కష్టమైందో అర్థమవుతోంది. నీ సాధన ఆగిపోలేదు, సరిగ్గా పనిచేస్తోంది. శిబిరంలో మొదటి సాయంత్రమే పంచశీలాలు ఇప్పిస్తారు గుర్తుందా, ధ్యానం మొదలయ్యేది ఆ తర్వాతే. అబద్ధం ఆడను అన్నది వాటిలో ఒకటి. శీలం లేకుండా సమాధి, అంటే మనసు నిలకడ, నిలబడదని ఎందుకంటారో నీకు తాళాలు చెప్పాయి.

బుద్ధుడి కొడుకు రాహులుడు చిన్నపిల్లాడిగా ఉన్నప్పటి సంగతి ఒకటుంది. బుద్ధుడు కాళ్ళు కడుక్కుని, పాత్రలో అడుగున కొంచెం నీళ్ళు మిగిల్చి చూపించి, తెలిసి అబద్ధం ఆడటానికి సిగ్గుపడనివాడి శ్రమణత్వం, అంటే సన్యాసం, ఇంతే అన్నాడు. ఆ నీళ్ళు పారబోసి ఇట్లా పారబోసినదీ అన్నాడు, పాత్ర బోర్లించాడు, తిప్పి ఖాళీగా చూపించాడు. తర్వాత అడిగాడు, అద్దం ఎందుకు అని. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అట్లాగే పని చేసే ముందు చూసుకో, చేస్తున్నప్పుడు చూసుకో, చేసిన తర్వాత చూసుకో, శరీరంతో చేసేదైనా మాటతోనైనా మనసుతోనైనా. చేసిన తర్వాత తప్పని తెలిస్తే తెలిసినవారి దగ్గర చెప్పుకొని ఇకముందు జాగ్రత్తపడు. అశోకుడు తన బైరాట్ శాసనంలో అందరూ వినాలని కొన్ని బోధనల పేర్లు చెక్కించాడు, అబద్ధం గురించి రాహులుడికి చెప్పినది అందులో ఉంది. భిక్షువులతో పాటు గృహస్థులు కూడా వినాలని స్పష్టంగా రాయించాడు.

నువ్వు 'చేసిన తర్వాత' దగ్గర ఉన్నావు. ఇప్పుడు మాకు చెప్పుకున్నావు కూడా. గొంతు బిగుసుకోవడం నీకు 'చేస్తున్నప్పుడు' తెలిసింది. మిగిలింది 'చేసే ముందు'.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · శుక్రవారం ఉదయం 9:40

మాస్టారు చెప్పింది పెద్ద మాట, నేను చిన్న మాట చెప్తా. ఉద్యోగం వదలక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి మీ చేతిలో ఎంత ఉందో అంత చూడండి. "రూములున్నాయి, ఈరోజు రేటు ఇంత" అంటే అబద్ధం కాదు కదా. "బుక్ అయ్యున్నాయి" అనడం అబద్ధమే. రేటు చెప్పి వాళ్ళకి కుదరకపోతే ఎక్కడికి పోవాలో చెప్పండి, దేవస్థానం వసతి గృహాలున్నాయి కదా, స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం. ఓనరుతో ఒకసారి మాట్లాడండి, భయంగా ఉంటే ఆ భయం ఒంట్లో ఎక్కడుందో చూసుకుంటూ మాట్లాడండి.

పలమనేరు_పాడి · శుక్రవారం రాత్రి 7:30

పాలల్లో నీళ్ళు కలిపితే పాల కేంద్రంలో లాక్టోమీటరు పెట్టి కనుక్కుంటారు. కరువు సంవత్సరం మేము కలిపినాము, ఎవరూ కనుక్కోలేదు, పదిరోజులు సాగింది. ఆ పదిరోజులూ నాకు ఆవు దగ్గర కూచునేదానికి కాలు రాలేదు, మా ఆయన్ని పితకమన్నా. మానేసినాక మళ్ళీ కూచున్నా. నువ్వు కూచుంటావు నాయనా.

లాడ్జి_కౌంటర్ · మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10:30

ఏమైందో చెప్పకపోతే బాగుండదని రాస్తా ఉండా. ఓనరుతో మాట్లాడినా. నాలుక ఎండిపోయింది, అరచేతులు చెమట, అన్నీ తెలుస్తానే ఉన్నాయి, తెలుస్తా ఉండగానే మాట్లాడినా. రేటు మీ ఇష్టం సార్, కానీ ఉన్నదాన్ని లేదని నేను చెప్పలేను అన్నా. ఆయన చాలా సేపు ఏం మాట్లాడలేదు. నేను పోయిన తర్వాత మేనేజరుతో, రద్దీ రోజుల్లో రాత్రి కౌంటర్లో వాణ్ణి పెట్టొద్దు అన్నాడంట. అంటే ఆ రోజుల్లో వచ్చే బక్షీసు నాకు పోతాది, వేరేవాడు కూచొని లేవని చెప్తాడు. పాప లాంటి పిల్లలు ఇంకా వస్తారు, వెనక్కి పోతారు. దాని గురించి నాకు నిమ్మళం లేదు, ఉందని చెప్పను.

మామూలు రాత్రుల్లో మాత్రం నేనే. గంట మోగగానే అరచెయ్యి కౌంటర్ రాయి మీద పెడతా, గ్రానైటు చల్లగా ఉంటాది, ఒక్క ఊపిరి, అప్పుడు తలెత్తుతా. పది సార్లలో ఆరేడు సార్లు మర్చిపోతా. గుర్తున్నప్పుడు ఎదురుగా ఉన్న మనిషి మొగం కనిపిస్తాది, ముందు పెట్టెలే కనిపించేవి.

కూచోవడం మళ్ళీ మొదలైంది, పదిహేను నిమిషాలు, డ్యూటీ దిగి ఇంటికొచ్చినాక, పిల్లోళ్ళు బడికి పోయినాక. తాళాలు వస్తాయి. రానిస్తా ఉండా. నిద్రొస్తే చెవి తమ్మెలు లాగతా ఉండా మాస్టారూ, నిజంగా పనిచేస్తాది.

ఈ రోజు మాస్టారు వాళ్ళ మిద్దె మీద నేను, సిస్టర్, శ్రీసిటీ తమ్ముడు, మెట్లదారి అన్న కలిసి గంట సేపు కూచున్నాం. మెట్లదారి అన్న ముందు గోవింద నామం చెప్పుకొని తర్వాత మాతో కూచున్నాడు. మళ్ళీ ఆదివారం కూడా ఉంది, చిత్తూరు నుంచి 'మళ్ళీ_మొదలు' గారు వస్తే కిటికీ దగ్గర కుర్చీ వేస్తామని మాస్టారు చెప్పమన్నారు, కళ్ళు తెరుచుకునే కూచోవచ్చు.

పలమనేరు_పాడి · ఆదివారం రాత్రి 10:55

ఎన్ని గంటలకి నాయనా? పొద్దున పాలు పోసి బస్సెక్కితే నేను పదిన్నరకి గానీ చంద్రగిరిలో దిగలేను. సాయంత్రం పితికేదానికి మళ్ళీ నాలుగుకి ఇంట్లో ఉండాల.

చంద్రగిరి_మాస్టారు · ఆదివారం రాత్రి 11:02

పదకొండుకి కూర్చుందాం అమ్మా. పన్నెండుకి అందరికీ మా ఇంట్లోనే భోజనం. తిరుగు బస్సు ఒంటిగంటలోపు ఎక్కిస్తాను.